టైట్రేషన్ బల్ల దగ్గర ఒంటి కెమెరా: మొదటిసారి వాడేవారికి

ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ చేసి చూపించేటప్పుడు నా ఎదురుగా పాతికమంది నిలబడతారు. ముందు వరుసకు బ్యూరెట్ కనపడుతుంది. వెనక వరుసకు ముందు వరుస వాళ్ళ జడలు కనపడతాయి. కనపడిన వాళ్ళకైనా అంతా ఎదురు తిరిగే కనపడుతుంది. నేను బ్యూరెట్ కుళాయిని, అంటే స్టాప్‌కాక్‌ను, ఎడమ చేత్తో తిప్పుతూ కుడి చేత్తో ఫ్లాస్కు ఊపుతాను. ఎదురుగా ఉన్న పిల్ల అద్దంలో చూసినట్టు చూసి, తన బల్ల దగ్గరికెళ్ళి చేతులు మార్చేస్తుంది. "చెప్తుంటే చూడరు" అని ఏళ్ళ తరబడి తిట్టాను. పాపం, వాళ్ళు చూశారు. నేను నిలబడ్డ చోటే తప్పు.

ఛాతీ మీద కెమెరా కట్టుకోవడం నేను మొదలుపెట్టింది ఈ ఒక్క కారణానికే. అందులో తీసిన వీడియోలో నా చేతులు చూసేవాళ్ళ చేతుల్లాగే ఉంటాయి: ఎడమ ఎడమే, కుడి కుడే. ఇది నాకు మాత్రమే తోచిన సంగతేం కాదు. లోగన్ ఫియొరెల్లా, రిచర్డ్ మేయర్ తదితరులు 2017లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బిగించడాన్ని కొందరికి చేసేవాడి కంటితో, కొందరికి ఎదుటివాడి కంటితో చూపించారు. చేసేవాడి కంటితో చూసినవాళ్ళే బాగా బిగించారు.

మీకూ ప్రాక్టికల్ క్లాసులుంటే, లేదా ఐటీఐలోనో టైలరింగ్ సెంటర్లోనో చేతిపని నేర్పుతుంటే, మొదటిసారి ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. నేను చేసిన తప్పులు మీరు చేయక్కర్లేదు.

ముందు పనిని ఎంచుకోండి

ఒంటి కెమెరాకు అన్ని పాఠాలూ పనికిరావు. చేతులతో చేసే పని అయ్యుండాలి, దూరం నుంచి చూస్తే తెలియనంత చిన్నదై ఉండాలి, వరుస తప్పితే పాడయ్యేదై ఉండాలి. టైట్రేషన్, బోటనీలో కాండం అడ్డుకోత, ఫిట్టర్ ట్రేడ్‌లో ఆకురాయి పట్టడం, వైర్లకు జాయింటు వేయడం, చొక్కాకు కాలర్ కుట్టడం లాంటివి. బోర్డు మీద ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయడానికి ఛాతీ కెమెరా పెట్టుకుంటే మీ మోచెయ్యి తప్ప ఏదీ పడదు. దానికి వెనక బెంచీ మీద ఫోన్ స్టాండ్ చాలు.

ఎంచుకున్న పనిలో కూడా ఒక్క ముక్కే తీసుకోండి. నా మొదటి వీడియో మొత్తం ప్రాక్టికల్: బ్యూరెట్ కడగడం దగ్గర్నుంచి రికార్డులో సంతకం దాకా ముప్పావు గంట. దాన్ని ఎవరూ చూడలేదు, నాతో సహా. ఇప్పుడు తీసేది చివరి రెండు మిల్లీలీటర్లే. పిల్లలు తప్పేది అక్కడే.

అడగండి, కాగితం మీద రాయించుకోండి

కెమెరా కొనకముందే చేయాల్సిన పని ఇది. మన పిల్లలు పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, తన ఒంటి మీద కెమెరా కట్టేముందు ఆ పిల్లని అడగడం మర్యాద. ప్రిన్సిపాల్ గారికి ముందుగా చెప్పి, ఇంటికి పంపే కాగితం ఇంత తేలిగ్గా రాయండి:

"కెమిస్ట్రీ ల్యాబ్‌లో పని చేసేటప్పుడు మీ అమ్మాయి లేదా అబ్బాయి చేతులను వీడియో తీస్తాం. ముఖం తీయం, పొరపాటున పడితే ఆ ముక్క తీసేస్తాం. ఈ వీడియోను ఆ బ్యాచ్ పిల్లలు, కెమిస్ట్రీ లెక్చరర్లు మాత్రమే చూస్తారు. వాట్సాప్‌లో పెట్టం. ప్రాక్టికల్ పరీక్షలు అయిన వారంలోపు చెరిపేస్తాం. మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా చెప్పండి. మార్కులకూ దీనికీ సంబంధం లేదు."

చివరి వాక్యం మరిచిపోవద్దు. ఇంటర్నల్ మార్కులు మన చేతిలో ఉన్నంతకాలం "మీ ఇష్టం" అన్న మాటకు పిల్లల చెవిలో వేరే అర్థం ఉంటుంది. వద్దన్నవాళ్ళ బల్ల వైపు ఆ రోజు కెమెరా పట్టుకుని వెళ్ళకండి. మాటలు కూడా రికార్డవుతాయని చెప్పండి. పక్క బల్ల దగ్గర పిల్లలు మన గురించి ఏమనుకుంటారో ఒకసారి విన్నాను, ఆ తర్వాత నేనే మైకు ఆపడం నేర్చుకున్నాను.

సామాను

ఖరీదైనది కొనొద్దు, కనీసం మొదటి టర్మ్‌లో. మెడలో వేసుకునే ఫోన్ హోల్డర్ వంటల వీడియోలు తీసేవాళ్ళు వాడుతుంటారు, కొన్ని వందల్లో వస్తుంది. మీ ఫోన్ అందులో బిగిస్తే అదే ఒంటి కెమెరా. నెల వాడాక ఇంకా వాడాలనిపిస్తే అప్పుడు యాక్షన్ కెమెరా గురించి ఆలోచించండి. గోప్రో అయినా ఇన్‌స్టా360 అయినా వాటి గొప్పతనం రెండింటిలో ఉంది: తేలిగ్గా ఉంటాయి, ఒళ్ళు కదిలినా బొమ్మ ఊగదు.

తలకు కట్టాలా, ఛాతీకా, మెడకా? తలకు కడితే మనం చూసిందల్లా పడుతుందనుకుంటాం. మనిషి తల ఎంత తిరుగుతుందో ఆ వీడియో చూశాక గానీ తెలీదు. రెండు నిమిషాల్లో కళ్ళు తిరుగుతాయి. ఛాతీ నిలకడగా ఉంటుంది, చేతులు ఎప్పుడూ దాని ముందే ఉంటాయి. అయితే ఛాతీ పట్టీ బిగించుకోవడం ఆడపిల్లలకు ఇబ్బంది. ఎవరూ పైకి చెప్పరు, "వద్దులే మేడమ్, తనకివ్వండి" అని పక్కకు తప్పుకుంటారు. ఈ సంగతి నాకు అర్థమవడానికి ఒక బ్యాచ్ పట్టింది. ఇప్పుడు ల్యాబ్ కోటు మీద మెడ హోల్డరే అందరికీ. చున్నీ కోటు లోపలికి దోపుకోవాలి. పది నిమిషాల పాటు గులాబీ రంగు చున్నీ అంచు తప్ప ఏమీ లేని వీడియో ఒకటి నా దగ్గర ఉండేది. టైట్రేషన్ పూర్తయిందని చెప్పే ఎండ్ పాయింట్ రంగూ అదే కావడంతో క్లాసంతా నవ్వింది.

బర్నర్ వెలిగించే ప్రయోగమైతే వేలాడే పట్టీలన్నీ టేపుతో అతికించండి. ఆక్జాలిక్ ఆమ్లాన్ని 60–70 డిగ్రీలకు వేడిచేయడం ఫోన్ మెడలో వేసుకోకముందే అయిపోవాలి. కెమెరా చూసుకుంటూ యాసిడ్ పోయకూడదు, కళ్ళద్దాలు తీయకూడదు. వీడియో చెడినా ఫరవాలేదు.

సెట్టింగులు: ఒక్కసారి ఓపిక పడితే చాలు

తొలిసారి తీసిన వీడియోలో తెర మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతుంటే కెమెరా పాడైందనుకున్నాను. తప్పు ట్యూబ్‌లైటుది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరా 60 హెర్ట్జ్ దేశాలకు సరిపోయేలా సెట్ అయి ఉంటే ఆ లెక్కా ఈ లెక్కా కుదరక చారలు పడతాయి. మెనూలో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది. దాన్ని 50 హెర్ట్జ్‌కి మార్చి, సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. ఆ దరిద్రం వదిలిపోతుంది.

తర్వాత రంగు. పర్మాంగనేట్ టైట్రేషన్‌కు ప్రాణం ఆ లేత గులాబీ రంగే. ఫ్లాస్కు కింద తెల్ల టైల్ పెట్టేది అందుకే. కెమెరాకు మాత్రం ఒక దురలవాటుంది: తెలుపును తెల్లగా చూపించాలని తనంతట తాను రంగులు సర్దుతుంది. అలా సర్దుతూ మన లేత గులాబీని కూడా తెలుపులో కలిపేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలోంచి తీసి ఒకచోట ఆపండి. ఫోన్‌లో అయితే తెర మీద టైల్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే చాలావాటిలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. రంగుకు ప్రో మోడ్‌లోకి వెళ్ళాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడండి, కిటికీ మీ ఎదురుగా ఉంటే ఫ్లాస్కు నల్లగా పడుతుంది.

యాక్షన్ కెమెరా లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది కాబట్టి నిటారు బ్యూరెట్ విల్లులా వంగి కనపడుతుంది. మెనూలో లీనియర్ అని ఉంటే దాన్ని ఎంచుకోండి.

ఫుల్ హెచ్‌డీ చాలు. 4కె అక్కర్లేదు, కార్డు నిండుతుంది, ఫోన్ వేడెక్కుతుంది, మన పాత కంప్యూటర్ అది తెరవలేక మూలుగుతుంది. ఫుల్ హెచ్‌డీలోనే నిమిషానికి ఫోన్‌ను బట్టి 100 నుంచి 200 ఎంబీ దాకా పడుతుంది. 64 జీబీ కార్డుతో ఒక రోజు బ్యాచ్‌లన్నీ నడుస్తాయి.

ఇన్ని చేసినా ఒక పని ఒంటి కెమెరా చేయలేదు: బ్యూరెట్ రీడింగ్ చూపడం. ద్రవం అంచును కంటికి సమానంగా పెట్టి చూడాలి. ఛాతీ కింద ఉంటుంది, బ్యూరెట్ అంచు పైన ఉంటుంది, ఆ వంకరలో రీడింగ్ తప్పే కనపడుతుంది. పైగా పర్మాంగనేట్ ముదురు రంగు, కింది వంపు కనపడదు కాబట్టి పై అంచునే చదవాలి. ఈ ముక్కను ఫోన్ చేత్తో పట్టుకుని, కంటి ఎత్తులో, విడిగా తీసుకోండి.

తొలి టేకు

బల్ల దగ్గర నిలబడి, చేతులు పని చేసే చోట ఉంచి, తెర మధ్యలో చేతులు పడేదాకా కెమెరా కిందికి వంచండి. పది సెకన్లు తీసి చూసుకోండి. అంచనా వేసి వదిలేస్తే ఏమవుతుందో చెప్తాను: నాకు పన్నెండు నిమిషాల సీలింగ్ ఫ్యాను దొరికింది.

తీస్తున్నప్పుడు మాట్లాడండి, కానీ పాఠం చెప్పకండి. చెయ్యి ఏం చేస్తోందో, కన్ను దేనికోసం చూస్తోందో అదే చెప్పండి. "మొదటి చుక్క పడింది, రంగు పోవడం లేదు, ఆగుతున్నా... ఇప్పుడు పోయింది." ఆక్జాలిక్ ఆమ్లంతో చేసేటప్పుడు ఈ ఆగడం ముఖ్యం. మొదటి చుక్కల రంగు నెమ్మదిగా పోతుంది. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యను వేగంగా నడిపిస్తాయి కాబట్టి తర్వాతి చుక్కలు పడీ పడగానే మాయమవుతాయి. పిల్లలు మొదటి చుక్క దగ్గరే "ఎండ్ పాయింట్ వచ్చేసింది మేడమ్" అని అరుస్తారు. పుస్తకంలో ఈ సంగతి ఒక వాక్యం. వీడియోలో ఆ చుక్క గులాబీ రంగుతో అలా తిరుగుతూ, తిరుగుతూ, కరిగిపోవడం చూస్తే మళ్ళీ చెప్పే పనుండదు. చివర్లో రంగు వచ్చాక ముప్పై సెకన్లు నిలవాలి. ఆ ముప్పై సెకన్లూ వీడియోలో ఉంచండి, కోయకండి. పిల్లలకు ముప్పై సెకన్లంటే ఎంతసేపో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు కెమెరా పిల్లల మెడలోకి

నిజం చెప్పాలంటే అసలు లాభం ఇక్కడే ఉంది. మనం చేసి చూపించే వీడియో ఒకసారి బాగా తీస్తే నాలుగేళ్ళు వస్తుంది. పిల్ల చేసేటప్పుడు తీసిన వీడియో మాత్రం తను ఎక్కడ తప్పుతోందో తనకే చూపిస్తుంది. బీఈడీ చేసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేం కాదు. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం మైక్రో టీచింగ్ మొదలుపెట్టింది; అందులో కాబోయే టీచర్లు చిన్న పాఠం చెప్పి, దాన్ని వీడియోలో తామే చూసుకునేవాళ్ళు. మన బీఈడీ కాలేజీల్లోకి మైక్రో టీచింగ్ వచ్చింది, వీడియో మాత్రం చాలాచోట్ల రాలేదు. వెనక బెంచీలో తోటి ట్రైనీ కూర్చుని కాగితం మీద టిక్కులు పెట్టేది. ఇప్పుడు ఆ లోటు తీర్చుకోవచ్చు.

బ్యాచ్‌కు ఇద్దరు ముగ్గురికి మించి కట్టకండి. తీసిన రోజే, మహా అయితే మర్నాడు, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. శబ్దం ఆపేయండి. "ఇక్కడేం అనుకున్నావమ్మా?" అని అడిగి మీరు నోరు మూసుకోండి. లెక్చరర్లకు ఇది కష్టం, నాకు తెలుసు. క్లాసు రికార్డింగ్ మళ్ళీ వినిపించి ఆ క్షణంలో ఏమనుకున్నారో చెప్పించడం 1953లోనే బెంజమిన్ బ్లూమ్ చేశాడు. ఆయన వాడింది మాట రికార్డింగు మాత్రమే. మనకు చేతులు కూడా కనపడతాయి.

ఒక అమ్మాయికి ప్రతిసారీ రీడింగ్ అర మిల్లీలీటర్ ఎక్కువొచ్చేది. మూడుసార్లు పిపెట్ మార్చాం, ద్రావణం మార్చాం. వీడియో చూస్తుండగా తనే ఆపింది. "మేడమ్, నేను స్టాప్‌కాక్ కట్టేసి అప్పుడు ఫ్లాస్కు వైపు చూస్తున్నా. చుక్క పడేటప్పుడు నా కళ్ళు బ్యూరెట్ మీదే ఉన్నాయి" అంది. కళ్ళు వీడియోలో కనపడవు. ఫ్లాస్కు ఊపే చెయ్యి స్టాప్‌కాక్ తిప్పినప్పుడల్లా ఆగిపోతోంది, దాన్నిబట్టి తనకే గుర్తొచ్చింది. తర్వాతి టైట్రేషన్‌లో రెండు రీడింగులు ఒకేలా వచ్చాయి.

అందరి ముందూ ఒకరి తప్పును తెర మీద వేయడం మాత్రం వద్దు. వేయాలనిపిస్తే ముందు మీది వేసుకోండి. నాది వేశాను: పిపెట్ చివర మిగిలిన చుక్కను ఊదేస్తున్నాను. ఊదకూడదని పదేళ్ళుగా నేనే చెప్తున్నాను.

కోత, దాచుకోవడం

మన డెమో వీడియో కోతకు ఫోన్లో ఉన్న ఎడిటర్ చాలు. మూడు నిమిషాలు దాటనివ్వకండి. తెర మీద రాసే అక్షరాలు తెలుగులో, పెద్దవిగా, ఒకసారికి ఒక వాక్యమే: "రంగు పోయేదాకా ఆగు." ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా ఇంట్లో అమ్మతో కలిసి చూసేటప్పుడు తెలుగే చదువుతారు. సంగీతం పెట్టకండి. ఫ్లాస్కు అంచుకు బ్యూరెట్ ముక్కు తగిలే శబ్దం దానికంటే పనికొస్తుంది.

ఫైలును సాదా ఎంపీ4గా ఒక హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ వేరేచోట ఉంచండి. కంపెనీ యాప్‌లో మాత్రమే ఉంచితే ఏమవుతుందో చూశాం. చొక్కాకు తగిలించుకుంటే ముప్పై సెకన్లకో ఫొటో దానంతటదే తీసే నేరటివ్ క్లిప్ అనే స్వీడన్ కెమెరా 2012లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు పోగుచేసుకుని వచ్చింది, 2016లో కంపెనీయే మూతపడింది. కెమెరా ఉన్న కళ్ళజోడు గూగుల్ గ్లాస్‌ను 2013లో 1,500 డాలర్లకు అమ్మారు. 2014లో లండన్‌లో సర్జన్ షఫీ అహ్మద్ అది పెట్టుకుని చేసిన క్యాన్సర్ ఆపరేషన్‌ను ఎక్కడెక్కడి వైద్య విద్యార్థులో వేలమంది ప్రత్యక్షంగా చూశారు. మరుసటి ఏడాది మొదట్లోనే గ్లాస్‌ను మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, ఫ్యాక్టరీల కోసం ఉంచింది కూడా 2023లో ఆగింది. అట్టపెట్టెలో ఫోన్ పెట్టి చూసే గూగుల్ కార్డ్‌బోర్డ్, దానితో పిల్లల్ని పిరమిడ్ల దగ్గరికి తిప్పిన ఎక్స్‌పెడిషన్స్ యాప్, రెండింటికీ 2021తో నూకలు చెల్లాయి.

కొత్తగా వస్తున్నవి

రేబాన్ మెటా లాంటి కెమెరా కళ్ళజోళ్ళు ఇప్పుడు మన దగ్గరా అమ్ముతున్నారు. కంటి ఎత్తు నుంచి తీస్తాయి, చేతులకు అడ్డం ఉండదు, ఛాతీ పట్టీ ఇబ్బంది లేదు. కానీ అది కెమెరా అని ఎదుటివాళ్ళకు తెలిసేది ఫ్రేమ్ మూలన వెలిగే చిన్న లైటుతోనే. మెడలో వేలాడే ఫోన్ అందరికీ కనపడుతుంది, అందుకే అది నాకు ఇష్టం. కళ్ళజోడు వాడితే పని మొదలుపెట్టినప్పుడు పెట్టుకుని, అవగానే తీసి బల్ల మీద పెట్టండి. అది పెట్టుకుని కారిడార్లో తిరగొద్దు. పరీక్ష హాల్లోకి అలాంటివి రాకుండా చూసుకోవడం ఇన్విజిలేటర్లకు కొత్త పని.

360 డిగ్రీల కెమెరా చేతిపనికి దండగ. పిల్లలు వెళ్ళలేని చోటికి వాళ్ళను తీసుకెళ్ళడానికి మాత్రం బాగుంటుంది. మొదటి మూడు నెలలు దాని జోలికి పోకండి.

కొత్త మీడియా వస్తే చదువు దానంతటదే మారిపోతుందని నమ్మడం మనకు పాత అలవాటే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా కలిసి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపాయి. వాటిలో మన ఊళ్ళూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ వచ్చాయి. ఆ తెరలో పిల్లలు చూసింది ఇంకెవరో చేసిన పని. మన ల్యాబ్ తెరలో కనపడేది తమ చేతులే.

బ్యాచ్ అయ్యాక రోజూ చేయాల్సినవి: ఫైళ్ళు దించుకోవడం, చూసి వద్దన్నవాళ్ళ ముఖం గానీ మాట గానీ పడిందేమో వెతకడం, పడితే కోసేయడం, కార్డు ఫార్మాట్ చేయడం, బ్యాటరీ చార్జింగ్‌కు పెట్టడం. కాలేజీలోకి పిల్లలు ఫోన్లు తేకూడదు కాబట్టి ల్యాబ్‌లో ఒక పాత ట్యాబ్ ఉంచాం, ప్రతి బల్ల మీదా మన డెమో వీడియో తెరిచే క్యూఆర్ కాగితం అంటించాం. దాని మీద వెడల్పు టేపు వేయండి. మొదటి నెలలోనే పర్మాంగనేట్ చుక్కలు పడి మూడు బల్లల క్యూఆర్‌లు ఊదారంగుకు తిరిగాయి, ట్యాబ్ వాటిని చదవనంటోంది.